పరిగె అయ్యేదాకా

ఆంజనప్పకు భూమి లేదు. ఈ మాట ముందే చెప్పాలి. ఎందుకంటే మా వైపు ఇప్పుడు ఏ మనిషి గురించి మాట వచ్చినా మొదట అడిగేది అదే, సోలారుకు ఎంత భూమి ఇచ్చినాడని. ఇచ్చినవాళ్ళకు ఏడాదికోసారి గుత్త డబ్బు వస్తుంది. ఇవ్వడానికి లేనివాళ్ళు ఆ ప్లాంట్లలోనే గడ్డి కోసో, సోలారు పలకలు కడిగో, గేటు దగ్గర కాపలా కాసో బతుకుతారు. ఆంజనప్ప ఈ రెండు లెక్కల్లోకీ రాడు. అతనికి గొర్రెలుండేవి.

మా ఊరు తిరుమణికి దగ్గరే. మిద్దె ఎక్కి చూస్తే కంటికి ఆనినంత దూరం పలకలే. వాటి కింద ఉన్నదంతా ఒకప్పుడు వేరుశెనగ పండిన చెనిక్కాయ చేలు, బీళ్ళు, చిన్న చిన్న వంకలు. చేలకు పట్టాలున్నాయి కాబట్టి అవి ఎవరివో కంపెనీవాళ్ళు అడిగి తెలుసుకున్నారు. ఆ చేలల్లో కోతలయ్యాక గొర్రెలు మేపుకునే మనిషికి పట్టా ఏముంటుంది? కంచె వేసేటప్పుడు భూమి ఎవరిదని అడిగారు గానీ మేత ఎవరిదని ఎవరూ అడగలేదు. ఆంజనప్ప కూడా నోరు తెరవలేదు. కంచె పని జరుగుతుంటే ఇవతల గొంగళి భుజాన వేసుకుని నిలబడి, గుంతలు తవ్వే కూలీలకు తన నీళ్ళ బుర్ర అందించేవాడు.

వాళ్ళ నాన్న కాలంలో వేసవి వస్తే రైతులే ఇంటికొచ్చి పిలిచేవారు, మా చేలో నాలుగు రాత్రులు మంద పెట్టప్పా అని. గొర్రెలు పడుకున్న చేనికి వేరే ఎరువు అక్కరలేదు. దానికి రాగులు కొలిచి ఇచ్చేవారు. చేలు పోయాక ఆ పిలుపులూ పోయాయి. ఏటికేడు మేత కోసం దూరం పోవాల్సి వచ్చింది, మంద తరిగింది. ఊళ్ళో మిగతా గొర్రెలవాళ్ళంతా ఒక్కొక్కరే అమ్మేసుకుని వేరే పనులకు పోయారు. చివరికి మా ఊరికి ఒకటే మంద మిగిలింది, అది ఆంజనప్పది.

శనివారం ఆంజనేయస్వామి గుడిలో భజనకు తప్పకుండా వచ్చేవాడు. లోపలికి మాత్రం వచ్చేవాడు కాదు. మెట్ల దగ్గర నిలబడి ఒక కన్ను స్వామి మీద, ఒక కన్ను మంద మీద పెట్టి తాళం వేసేవాడు. రెండు కళ్ళూ తనవైపే ఉండాలని ఆ స్వామి ఎప్పుడూ పట్టుబట్టలేదని నా నమ్మకం. మందలో రెండు మేకలుండేవి. ఊళ్ళో ముసలివాళ్ళకు దగ్గు పట్టిందంటే చెంబు పంపితే చాలు, పాలు వచ్చేవి. చెంబు పంపడం మరచిపోయినవాళ్ళకు తన చెంబులోనే తెచ్చి ఇచ్చేవాడు.

అతని పెళ్ళి కూడా మంద వల్లనే అయింది. మా వైపు చెనిక్కాయ పీకిన తర్వాత మట్టిలో కొన్ని కాయలు మిగిలిపోతాయి. భూమి లేని ఆడవాళ్ళు గుంపుగా వచ్చి వాటిని తవ్వి ఏరుకుంటారు. దాన్ని పరిగె అంటాం. చేలోకి దారి ఉన్నచోట ఒక వేపమండ గుచ్చి లోపలికి దిగుతారు. ఆ మండ నిలబడి ఉన్నంతసేపు ఏ మందా ఆ చేలోకి రాదు. గొర్రెలు దిగితే మట్టి తొక్కుడుపడి కాయ దొరకదు. చివరి మనిషి పోయేటప్పుడు మండ పీకి పక్కన పడేస్తుంది, అప్పుడు మంద దిగుతుంది. ఇది ఏ పంచాయితీలోనూ తీర్మానం కాలేదు. చేను గల ఆసామి వచ్చి పరవాలేదు తోలుకోమన్నా గొర్రెలవాడు మండ దాటడు, అంతే.

ఆంజనప్ప పడుచువాడిగా ఉన్నప్పుడు అలా ఒక చేని గట్టు మీద మండ ఎదురుగా కూర్చుని కాచుకునేవాడు. అందరూ లేచిపోయినా ఒక పిల్ల మాత్రం లేచేది కాదు. ఇంకెంతసేపని అడిగితే తల ఎత్తకుండా "ఇంకా ఆ మూల చూడలేదు" అనేది. మరునాడు వేరే చేలోనూ అదే మాట. ఆ మూలలో కాయలు లేవని ఇద్దరికీ తెలుసు. ఆ పిల్ల తిప్పమ్మ. మరుసటి ఏడు ఆమె ఆంజనప్ప ఇంటికే వచ్చింది. ఇప్పుడు లేదు, కరోనా వచ్చిన ఏట పోయింది. ఇంట్లో కొడుకు గోపాలకృష్ణ, కోడలు సవిత ఉంటారు. కొడుకు పావగడలో టైర్ల అంగట్లో పని చేసి పొద్దుగూకినాక వస్తాడు. కోడలు ప్లాంటులో గడ్డి కోస్తుంది.

పలకల కింద గడ్డి సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. పలకల మీద దుమ్ము పడితే కరెంటు తగ్గుతుందని ట్యాంకర్లతో నీళ్ళు తెచ్చి కడుగుతారు. ఆ నీళ్ళు కారి కిందపడి, ఊరంతా ఎండిపోయిన వేసవిలో కూడా అక్కడ పచ్చగడ్డి మొలుస్తుంది. పెరిగితే పలకల అంచుకు నీడ పడుతుంది. ఎండితే నిప్పు భయం. అందుకని ఏడాది పొడుగునా ఆడవాళ్ళు కొడవళ్ళతో కోస్తూనే ఉండాలి. కోసినదాన్ని ట్రాక్టరుకెత్తి ఎక్కడో పారబోస్తారు. బయట ఆంజనప్ప గొర్రెలు కంచె సందుల్లో మూతులు పెట్టి చూస్తుండేవి. లోపల మేపుకోనివ్వమని అతను ఎన్నోసార్లు అడిగాడు. గొర్రెలు వైర్లు కొరుకుతాయి, కుదరదు అన్నారు.

ప్లాంటులో ఇంకో నియమం ఉంది. పలకల కింద ఎవరూ కూర్చోకూడదు. కరెంటు ఉన్న చోటు కదా అంటారు. మధ్యాహ్నం అన్నం తినాలంటే గేటు దాకా రావాలి. గేటు దగ్గర చెట్టు లేదు. పోయిన చైత్రంలో ఒక మిట్టమధ్యాహ్నం పెద్దక్కకు కళ్ళు తిరిగాయి. పెద్దక్క అన్నది వరస కాదు, ఆమె పేరే అది. ఆ గుంపులో అందరికన్నా పెద్దది, తిప్పమ్మతో కలిసి పరిగె ఏరిన మనిషి. కొడవలి పక్కన పెట్టి ఒక పలక కింద కూర్చుంది, కూర్చున్నచోటే కునుకు పట్టింది. పైన కెమెరాలో ఎవరో చూశారు. రేపటినుంచి రావద్దన్నారు.

మిగతా ఆడవాళ్ళు రెండు రోజులు అడిగారు. జవాబు రాలేదు. మూడోరోజు గేటు బయట కొడవళ్ళు కుప్పగా పెట్టి, ఒక పాత టార్పాలు పందిరిలా కట్టుకుని కూర్చున్నారు. పెద్దక్కను మళ్ళీ తీసుకోవాలి, మధ్యాహ్నం కూర్చోవడానికి ఒక నీడ కావాలి. వాళ్ళు అడిగింది ఇంతే.

ఊరు మాత్రం దాన్ని అంతటితో వదల్లేదు. శ్రీరామప్ప టీ అంగట్లో రోజూ అదే మాట.

"హక్కు లేదని ఎవురన్నారు?" అన్నాడు హనుమంతరాయ. ఆయన భూమి చాలావరకు పలకల కిందే ఉంది. "స్ట్రైకు చేసే హక్కు ఉండాది, నేనూ ఒప్పుకుంటా. అయితే ఇప్పుడేనా? ఈ ఎండలకు గడ్డి అంటుకుంటే ఏం గతి? కంపెనీవాళ్ళు విసుక్కోని పోతే మన గుత్త ఎవురిస్తారు?"

"వానల్లో చేస్తే నీడ ఎందుకని అడుగుతారు కదన్నా," అన్నాడు శ్రీరామప్ప టీ వడగడుతూ.

"నువ్వు ఊరికే ఉండప్పా. మొన్న బస్సులోళ్ళు ఇట్లే చేసినారు. నేను ఆస్పత్రికి పోవల్ల, రోడ్డులో నిలబడి నిలబడి కాళ్ళు పడిపాయె."

"ఆ పొద్దు హక్కు లేదంటివి."

"అది వేరే."

"ఎవురిది వాళ్ళకు వేరేనే అన్నా."

ఆటో తోలే ఒకాయన బెంచీ చివర నుంచి, "ఆడోళ్ళు స్ట్రైకు చేసేది నేను ఈడే చూస్తాండా" అన్నాడు.

"ఇంట్లో చేసేది చూడలేదా? అయితే నీకు రోజూ ముద్ద టయానికి దొరుకుతాంది. పుణ్యాత్మునివి," అన్నాడు శ్రీరామప్ప. అందరూ నవ్వారు. నవ్వి మళ్ళీ అదే మొదలుపెట్టారు. అడగడం తప్పు కాదు గానీ పని ఆపడం తప్పన్నారు కొందరు. పని ఆపకపోతే ఎవరు వింటారని కొందరు. ఇంత చిన్నదానికా అని కొందరు. రోజులు గడిచేకొద్దీ ఎవరి మాటలోనూ పస మిగల్లేదు, ఎవరూ మాట మార్చుకోనూ లేదు. ఒకటి మాత్రం నేను గమనించాను. అంగట్లో అంత గట్టిగా మాట్లాడే హనుమంతరాయ ఇంటినుంచే గేటు దగ్గరికి పొద్దున ఒక కుండ మజ్జిగ పోయేది. పంపేది ఆయన భార్య. ఆయనకు తెలియదనుకునేవాణ్ణి. ఒకరోజు కుండకు మూత సరిగా లేదని ఆయనే లోపలినుంచి పళ్ళెం తెచ్చి మూసి ఇవ్వడం చూశాను.

ఈ పంచాయితీలో ఆంజనప్ప కలవలేదు. అతని బాధ వేరే. ఆ ఏడు వాన సరిగా పడలేదు. బయట మేత లేదు. మేతకు దాచుకున్న చెనిక్కాయ కట్టె అయిపోయింది. తుమ్మ కొమ్మలు, వేప కొమ్మలు కొట్టి వేస్తున్నాడు గానీ గొర్రెల పక్కటెముకలు బయటికి కనబడుతున్నాయి. వచ్చే సంత దాకా ఇట్లే ఉంటే అమ్ముకోవడం తప్ప దారి లేదని నాతోనే అన్నాడు. బక్కచిక్కిన గొర్రెలను కొనేది కసాయివాళ్ళే.

అప్పుడు మధుకుమార్ వచ్చాడు. ప్లాంటులో సూపర్‌వైజరు, పావగడ పిల్లవాడే, చెడ్డవాడు కాదు. పెద్దక్కను తీసెయ్యమన్నది అతను కాదు, పైవాళ్ళు. గడ్డి పెరిగిపోతోందని వాళ్ళే ఫోన్ల మీద ఫోన్లు చేసి అతని ప్రాణం తింటున్నారు. గొర్రెల దొడ్డి దగ్గర బండి ఆపి దిగాడు.

"తాతా, రేపటినుంచి నీ మందను లోపలికి తోలుకో. ఎంత కావల్లంటే అంత మేపుకో."

ఆంజనప్ప తలెత్తి చూశాడు. "వైర్లు కొరుకుతాయని అంటిరి కదప్పా?"

"ఇప్పుడు కొరకవులే తాతా."

ఇన్నేళ్ళు అడిగితే తెరుచుకోని గేటు అది. స్వామి విన్నాడనుకున్నాడు. సవితతో చెప్పలేదు. దాచాలని కాదు, అందులో చెప్పాల్సింది ఏముందో అతనికి తోచలేదు. గొర్రెల వెంట నడవడం అతని లెక్కలో పని కాదు. ఎవరూ కూలి ఇవ్వరు, ఎవరి కొడవలీ తను పట్టుకోవడం లేదు. గొర్రె ఆకలికి మేస్తుంది, అంతేకదా. పుట్టినప్పటినుంచీ మందతో ఉన్న మనిషి మాత్రమే చేయగలిగిన పొరపాటు అది.

పొద్దున మంద గేటు దగ్గరికి వచ్చేసరికి టార్పాలు కింద ఆడవాళ్ళంతా ఉన్నారు. సవిత కూడా ఉంది.  దారికి అడ్డంగా చాచుకున్న కాళ్ళు ముడుచుకున్నారు. నీళ్ళ బిందెలు పక్కకు జరిపారు. మంద లోపలికి పోతుంటే ఒక చిన్న గొర్రెపిల్ల దారితప్పి వాళ్ళ మధ్యలోకి వచ్చి అరిచింది. పెద్దక్క దాన్ని ఎత్తుకుని వచ్చి ఆంజనప్ప చేతిలో పెట్టింది.

"పట్టుకోప్పా. తల్లి ముందరికి పోయింది."

లోపల గడ్డి మోకాలెత్తు ఉంది. గొర్రెలు తల ఎత్తలేదు. అవి గడ్డి తెంపే చప్పుడు వింటూ ఆంజనప్ప చాలాసేపు వాటి వెనకే నడిచాడు. అలాంటి చప్పుడు విని ఎన్నాళ్ళయిందో. ఎండ ముదిరేసరికి కడుపులు నిండి ఒక్కొక్కటే పలకల కింద పడుకున్నాయి. అతను దారిలో కర్ర ఆనించుకుని నిలబడ్డాడు. మధుకుమార్ చల్లని నీళ్ళ సీసా తెచ్చి ఇచ్చాడు.

"ఎండలో ఏం నిలబడతావు తాతా? పలక కిందికి పో."

"కూచోవచ్చునా?"

"నువ్వు కూచోవచ్చులే."

ఆంజనప్ప కూర్చున్నాడు. చుట్టూ గొర్రెలు మూతులు నేలకానించి నెమరు వేస్తున్నాయి. మందలో ఉన్న ఒకే ఒక నల్లగొర్రె అప్పుడే నిద్రపోయింది. నీడ నిజంగానే చల్లగా ఉంది. గేటు వైపు చూస్తే టార్పాలు చిరుగుల్లోంచి ఎండ పడి ఆడవాళ్ళు కొంగులు తలమీదికి లాక్కోవడం కనబడింది. పెద్దక్క ఎక్కడ కూర్చుని నిద్రపోయిందో అతనికి తెలియదు. ఇక్కడే కావచ్చు. కాసేపటికి లేచి మళ్ళీ ఎండలోకి వచ్చి నిలబడ్డాడు. సీసాలో నీళ్ళు సగం అలాగే ఉన్నాయి.

సాయంత్రం టీ అంగడి ముందు నుంచి మంద పోతుంటే హనుమంతరాయ పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. టీ చెప్పాడు.

"మంచి పని చేసినావప్పా. వాళ్ళు లేకపోతే ఆడ గడ్డే కదలదనుకుంటిరి. నీ గొర్రెలు చూపించినాయి. ఇంగ దిగొస్తారు."

"నేనేం చూపించలేదన్నా. మేపుకుంటి, అంతే."

"అదే కదప్పా నేను చెప్తాండేది."

ఆంజనప్ప గ్లాసు చేతిలో పట్టుకునే ఉన్నాడు. తిట్టి ఉంటే ఊరుకునేవాడేమో. ఇది పొగడ్త. టీ సగం వదిలి, నమస్కారం పెట్టి లేచాడు. శ్రీరామప్ప గ్లాసు తీసుకుంటూ అతని ముఖం చూసి, రెండు బన్నులు కాగితంలో చుట్టి చేతిలో పెట్టాడు.

ఇంటికి పోతే సవిత పొయ్యి దగ్గర ఉంది. ఎప్పటిలాగే కాళ్ళకు నీళ్ళిచ్చింది. రాగిముద్ద, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టింది. అతను తింటున్నంతసేపూ గోడకు ఆనుకుని కూర్చుంది. చివరికి ఆమె అడిగింది గొర్రెల సంగతే.

"నల్లగొర్రె మేసిందా మామా? మొన్ననుంచి మూతి పెట్టలేదు కదా."

"మేసిందమ్మా. బాగా మేసింది." ముద్ద తుంచుతూ అన్నాడు, "నాకు తోచలేదు సవితా. గొర్రెలు మేసేది మీ పని అని నాకు తట్టలేదు."

"తెలుసు మామా. నీకు తోచి చేసింటే మేము గేటుకు అడ్డం కూచునేవాళ్ళమే."

"రేపు పోవద్దంటావా?"

"నేనేం చెప్పేది? నీ గొర్రెలు. పోకపోతే వాటి గతి నాకు తెల్దా?" నీళ్ళ చెంబు అతని దగ్గరికి జరిపింది. "ఇంగ రోంత పెట్టనా?"

వద్దన్నాడు. బన్నులు రెండూ ఆమె చేతిలో పెట్టాడు. ఆమె ఒకటి మొగుడికి తీసిపెట్టి, ఒకటి తుంచి సగం మామకే ఇచ్చింది.

మరునాడు పొద్దున మంద గేటు దగ్గరికి రాగానే ఆంజనప్ప ఆగిపోయాడు. గేటు బార్లా తెరిచే ఉంది. దాని పక్కన మట్టిలో ఒక వేపమండ నిలబడి ఉంది. పచ్చిది, అప్పుడే విరిచింది. టార్పాలు కింద ఆడవాళ్ళు ఎటో చూస్తున్నారు. పెద్దక్క మాత్రం తమలపాకుకు సున్నం రాసుకుంటోంది.

నిన్న పచ్చగడ్డి రుచి చూసిన గొర్రెలు ఆగుతాయా? ముందున్నవి గేటులోకి దూకబోయాయి. ఆంజనప్ప కర్ర అడ్డం పెట్టి, నాలుకతో చప్పుడు చేసి వాటిని ఆపాడు. లోపలినుంచి మధుకుమార్ వచ్చాడు.

"ఏం తాతా, ఆడే నిలబడితివి? గేటు తీసే ఉండాది."

"మండ ఉండాది కదప్పా."

మధుకుమార్ అటూ ఇటూ చూసి, చివరికి మండను చూశాడు. "ఇదా? పీకి పారేస్తే పాయె. నేను పీకేదా?"

"నువ్వు పీకేది కాదది. గుచ్చినోళ్ళే పీకల్ల."

"ఈ జాగా మాది తాతా. నేనే రమ్మంటాండా కదా."

"చేను గలాయన రమ్మన్నా మేము దిగము. వాళ్ళ పరిగె కానీప్పా."

"ఏం పరిగె? ఈడ చెనిక్కాయ యాడుండాది?"

"ఉన్నిందప్పా," అన్నాడు ఆంజనప్ప. "నువ్వు నిలబడుకున్నావే, ఆడే ఉన్నింది."

మధుకుమార్ తన కాళ్ళ కిందికి చూసుకున్నాడు. ఫోను తీసి దూరంగా పోయాడు. ఆంజనప్ప టార్పాలు వైపు తిరిగాడు.

"ఇంగా ఎంతసేపు పడ్తాది పెద్దక్కా?"

పెద్దక్క తమలపాకు నోట్లో పెట్టుకుని నమిలింది. తల ఎత్తలేదు. "ఎవురికి తెలుసప్పా. ఇంకా ఆ మూల చూడలేదు."

వయసు మళ్ళిన ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆంజనప్ప కూడా నవ్వాడనుకుంటాను. గొంగళి సర్దుకుంటూ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆ తర్వాత మందను వెనక్కు మళ్ళించడానికి చాలా కష్టపడ్డాడు. అవి మళ్ళవు. మళ్ళినట్టే మళ్ళి గేటువైపు ఉరుకుతాయి. చివరికి సవిత లేచింది, ఆమె వెనక మిగతావాళ్ళూ లేచారు. చేతులు చాచి వరసగా నిలబడి, ఇష్ష్ ఇష్ష్ అంటూ ఆ గొర్రెలను రోడ్డు దాకా తోలి వచ్చారు. ఆకలి గొర్రెలను పచ్చటి మేత నుంచి తరమడం ఎంత పాపమో వాళ్ళకూ తెలుసు. వాళ్ళ ముఖాల్లో అది కనబడింది.

సంత నాటికి మేత దొరకలేదు. ఆంజనప్ప నల్లగొర్రెను, రెండు మేకలను ఉంచుకుని మిగతావన్నీ సంతకు తోలుకుపోయాడు. తిరిగి వచ్చేటప్పుడు అతని చేతిలో కర్ర, భుజాన గొంగళి, నడుముకు కట్టుకున్న తాడు. అంతే. నేను పావగడలో శనీశ్వరుని దర్శనం చేసుకుని అదే బస్సులో వస్తున్నాను. పక్కన చోటిస్తే కూర్చున్నాడు. గుడి ప్రసాదం పెడితే కళ్ళకద్దుకుని తిన్నాడు.  ఊళ్ళో దిగేటప్పుడు, "ఆ యాపారి మంచోడే. వాటికి తొట్లో నీళ్ళు పెట్టినాడు," అన్నాడు.

అంగట్లో ఊరి అభిప్రాయం మళ్ళీ తిరగబడింది. మొన్న పొగిడినవాళ్ళే వేపమండకు భయపడి మందను పోగొట్టుకున్నాడని నవ్వారు. కోడలు బెదిరించిందన్నారు కొందరు. ధర్మం గొర్రెలకు కడుపు నింపుతుందా అని హనుమంతరాయ అడిగాడు. ఆడవాళ్ళదే తప్పు, ముసలాయన నోటికాడి మేత తీసేసినారని ఆటో ఆయన అన్నాడు. శ్రీరామప్ప ఈసారి జోకు వేయలేదు. గ్లాసులు కడుగుతూ, "ఒక మండ కూడా కనబడని కండ్లు మనవి," అన్నాడు. 

గోపాలకృష్ణ ఆదివారం దొడ్డి ఊడ్చాడు. ఖాళీ దొడ్డిని ఊడ్వాల్సిన పని లేదు. "నాకు ఒక మాట చెప్పింటే యాడన్నా చెనిక్కాయ కట్టె తెచ్చేవాణ్ణి నాయినా," అన్నాడు ఊడుస్తూనే.  చెప్పినా కట్టె దొరికేది కాదని ఇద్దరికీ తెలుసు.

సంత అయిన వారానికి పైనుంచి ఎవరో వచ్చి ఆడవాళ్ళతో మాట్లాడారు. ఒక పక్క గడ్డి ఎండడం మొదలుపెట్టిందట, అదే వాళ్ళను కదిలించిందని అంటారు. పెద్దక్కను మళ్ళీ తీసుకున్నారు. గేటు పక్కన నాలుగు ఇనుప గుంజల మీద రేకు వేశారు. పని మానిన దినాల మాట మాత్రం ఎత్తవద్దన్నారు, వీళ్ళూ ఎత్తలేదు. గెలిచామని ఎవరూ అనుకోలేదు, అప్పటికి అంత ఓపిక ఎవరికీ మిగల్లేదు. మధ్యాహ్నం ఆ రేకు కింద కూర్చుంటే పెనం కింద కూర్చున్నట్టే ఉంటుందని పెద్దక్క అంటుంది. అయినా అక్కడే కూర్చుని తింటారు, అడిగి తెచ్చుకున్నది కదా. ఒకటి మాత్రం మధుకుమార్ తన చేతనైనంతలో చేశాడు. కోసిన గడ్డిని ట్రాక్టరుకు వేసే ముందు ఎవరికి కావల్సింది వాళ్ళు మోసుకుపోవచ్చన్నాడు. గొర్రెలను మాత్రం లోపలికి రానివ్వరు. అవి మళ్ళీ వైర్లు కొరుకుతాయట.

పని మొదలైన రోజు సాయంత్రం ఆంజనప్ప దొడ్డి దగ్గర ఉన్నాడు. పెద్దక్క నెత్తిన పెద్ద గడ్డిమోపుతో వచ్చింది. వెనక సవిత నెత్తిన ఇంకొకటి. పెద్దక్క మోపు దించి, నడుముకు దోపుకున్న వేపమండ తీసి గోడ పక్కన పడేసింది. అది ఎండి ఆకులు రాలిపోయింది.

"పీకేసినామప్పా," అంది. ఇంకేదో అనబోయి, దొడ్డిలో ఉన్న మూడు జీవాలను చూసి ఆగింది. "మేము రోంత బిరీన లేసింటే బాగుండు."

"పరిగె అయ్యేదాకా అవుతాది కదక్కా. దానికేముండాది. కూచో. సవితా, నీళ్ళు తేమ్మా."

అతను మోపు విప్పి గడ్డి పరిచాడు. చేతులకు అలవాటైన పని. దొడ్డి ఈ చివరనుంచి ఆ చివర దాకా, మంద అంతా వరసగా నిలబడి మేసేంత పొడుగున పరుచుకుంటూ పోయాడు. వెనక్కు తిరిగి చూసేసరికి నల్లగొర్రె, రెండు మేకలు ఒక మూలనే నిలబడి మేస్తున్నాయి.  వంగి ఆ చివరనుంచి గడ్డిని మళ్ళీ చేతుల్లోకి తీసుకుంటూ వచ్చి, మోపు కట్టి, పెద్దక్క వైపు జరిపాడు.

"ఇంత ఎందుకక్కా వీటికి? పోతా పోతా శ్రీరామప్ప ఆవుకు వేసిపో. చూడుతో ఉండాది."